మండువా లోగిలి మెసేజ్ మళ్ళీ పంపకండి

"తాతల కాలం నాటి మండువా లోగిలి కట్టుకోండి. ఖర్చు సగం, ఏసీ అక్కర్లేదు, చెద రాదు, లోతు పునాది దండగ, మండువాలో వాన పడితే ఇంట్లో లక్ష్మి." మండువా లోగిలి అంటే నడుమ ఆకాశానికి తెరిచిన మండువా, చుట్టూ పెంకుల వసారాలు ఉన్న పాతకాలపు ఇల్లు. ఈ వారంలో ఈ మెసేజ్ నాకు పంపినవాళ్ళు ఆరుగురు. అందులో ఇద్దరు సొంతూళ్ళో స్థలం కొని ఇల్లు మొదలుపెట్టబోతున్నారు కాబట్టి ఊరుకోలేక రాస్తున్నాను.

లక్ష్మి సంగతి: మండువాలో వాన నీళ్ళు పోయే తూము పూడితే వచ్చేది దోమలు. ఆ మాట అక్కడితో సరి.

చెద రాదట. తాతల దూలాలు చేవదేరిన టేకు. ఇప్పుడు కలప డిపోలో అంటగట్టే తెల్లచెక్క చెదకి పలహారం.

ఖర్చు సగమట! ఏటా తొలకరికి ముందు పెంకులు సర్దే మనిషిని వెతికి పట్టుకోండి, అప్పుడు మాట్లాడదాం. ఈలోగా ఆ పెంకులు పగలగొట్టడానికి కోతుల గుంపుకి ఒక్క మధ్యాహ్నం చాలు.

అసలు నా కోపం పునాది మీద. "తాతలు సాయిల్ టెస్టు చేయించారా? వందేళ్ళు నిలబడలేదా?" అట. నిలబడినవే కనబడతాయి నాయనా, కూలినవాటికి ఫోటోలు ఎవరు తీస్తారు? 1996 నవంబరు తుపానులో పెంకులు ఎలా లేచిపోయాయో కోనసీమలో ఏ పెద్దావిడనైనా అడగండి. గుంటూరు వైపు మా బావ నల్లరేగడిలో రెండడుగుల పునాది వేసి కట్టాడు. మొదటి ఎండాకాలం రేగడి ఎండి కుంచించుకుని, కిటికీ మూల నుంచి ఏటవాలుగా బీట, నా చిటికెన వేలు పట్టింది. వానలకి నేల ఉబ్బి బీట మూసుకుంది. "చూశావా, సర్దుకుంది" అని మురిశాడు. మరుసటి మే నెలకి బొటనవేలు పట్టింది. రేగడి కోసమే కదా రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ (సీబీఆర్ఐ) వాళ్ళు అండర్ రీమ్డ్ పైల్స్, అంటే నేలలోకి లోతుగా దిగి అడుగున బుడ్డలా ఉబ్బే కాంక్రీటు స్తంభాలు, తయారుచేసింది! తాతల ఆత్మ క్షోభిస్తుందనుకుంటే వేయించకండి మరి.

ఇక ఏసీ. గోదావరి ఉక్కపోతలో తాతగారు కూడా మండువా పక్కన నవారు మంచమేసుకుని విసనకర్ర విసురుకున్నారు. అయితే ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. మా స్లాబు ఇంటి పైగదిలో మే నెల రాత్రి పదింటికి కూడా గోడకి ఆనుకోలేం. అదే మా అమ్మమ్మగారి పెంకుటింటి వసారాలో, దించిన చూరు కింద, మిట్టమధ్యాహ్నం నాకు నిద్రపట్టింది, అదీ కరెంటు లేకుండా. ఆ చూరు, ఆ వసారా, ఎదురెదురు కిటికీలు నిక్షేపంగా పెట్టించుకోండి. నేనూ పెట్టించాల్సింది.

మా బావ గోడ ఫోటో పంపుతున్నాను. ఈసారి ఫార్వర్డ్ చేసేటప్పుడు దాన్ని కూడా జతచెయ్యండి.