మహారాజశ్రీ సొట్ట గిన్నె గారికి

మహారాజశ్రీ స్టీలు గిన్నె గారి సముఖమునకు, 303 ఫ్లాటు ఇల్లాలు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ అటక మీద, పాత కుక్కర్‌కీ పాడైన మిక్సీకీ మధ్య తమరు కూడా క్షేమమని తలుస్తాను.

తమరి మీద కొట్టించిన పేరు నాది కాదు. అది "చి.ల.సౌ." అని మొదలై ఎవరిదో పెళ్లి తారీకుతో ఆగుతుంది. ఎవరి పెళ్లికి ఎవరు చదివించారో, మా వంటింట్లోకి ఎలా వచ్చి చేరారో ఎవరికీ గుర్తులేదు. సొట్ట మాత్రం మాదే. 2020 మార్చి 22, ఆదివారం సాయంత్రం 5 గంటలకి చప్పట్లు కొట్టమంటే, మావారు బాల్కనీలోకి వెళ్లి ఇనప గరిటెతో తమరిని వాయించారు. కరోనా వైరస్‌కి దెబ్బ తగిలిందో లేదో గానీ తమరికి తగిలింది. హైదరాబాద్‌లో ఈ అయిదంతస్తుల అపార్ట్‌మెంట్ మొత్తం ఆ సొట్ట చూసే "ఇది 303 వాళ్ల గిన్నె" అని గుర్తుపట్టేది.

మూడు రోజులకి ఉగాది. దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది కూడా ఆ రోజే. మా ఇంట్లో మామిడికాయ ఉంది, వేపపువ్వు లేదు. 302 పిన్నిగారింట్లో వేపపువ్వు ఉంది, మామిడికాయ లేదు. తమరు సగం మామిడికాయతో వెళ్లి పచ్చడితో తిరిగొచ్చారు. మా కష్టాలు అక్కడ మొదలయ్యాయి.

ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదట. ఏ శాస్త్రంలో రాసుందో తెలియదు. ఏమీ లేకపోతే మా అమ్మ గుప్పెడు పంచదారైనా వేసి ఇచ్చేది. ఆ లెక్కన పచ్చడి వచ్చిందంటే పప్పు వెళ్లాలి, పప్పు వెళ్లిందంటే ఆవపెట్టిన అరటికాయ కూర వస్తుంది, ఇక ఆ కూరకి దీటుగా రాత్రికి ఏం చెయ్యాలా అని మధ్యాహ్నం నుంచే టెన్షన్. 204 వరంగల్ అక్క సర్వపిండి పంపిన రోజున నేను గుత్తివంకాయ కూరతో కుస్తీ పట్టాను. నిజం చెప్పొద్దూ, మూడుసార్లు నిండుగా నూనె తేలిన కాయలు ఏరి తమరిలో సర్ది, చితికినవి మా పిల్లలకి పెట్టాను. ఆ రోజుల్లో మా ఇంట్లో భోజనం మా కోసం వండుకున్నది కాదు. తమరి కోసం వండగా మాకు మిగిలింది.

502లో ఒక కుర్రాడుండేవాడు. హాస్టల్ మూసేస్తే పోలీసుల దగ్గర పాస్ తీసుకుని సొంతూరికి బయల్దేరి, గరికపాడు చెక్‌పోస్టు దగ్గర వేలమందితో పాటు ఆగిపోయి, వెనక్కొచ్చి స్నేహితుడి గదిలో సర్దుకున్నాడు. పిన్నిగారు పులిహోర పంపితే గిన్నె తళతళలాడేలా తోమి ఖాళీగా తిరిగిచ్చాడు. అంత శుభ్రమైన గిన్నె చూసి పిన్నిగారికి మనసు చివుక్కుమంది. ఎవరో నియమం చెప్పారు. మర్నాడు ఆవిడ మళ్లీ పంపిన గిన్నెలోనే రెండు ఉడకబెట్టిన కోడిగుడ్లు పెట్టి స్టూలు మీద ఉంచి, బెల్ కొట్టి, ఆరడుగుల దూరం జరిగి నిలబడ్డాడు.

అప్పటికే పిన్నిగారి అబ్బాయి అమెరికా నుంచి ఫోన్లో ఒక పరిశోధన సంగతి చెప్పి ఉన్నాడు. వైరస్ అట్టపెట్టె మీద 24 గంటలు, రాగి మీద 4 గంటలు, స్టీలు మీదా ప్లాస్టిక్ మీదా రెండు మూడు రోజులు బతుకుతుందని. ఆ మాట చెప్పి ఆవిడ గిన్నెని మూడు రోజులు బాల్కనీలో ఎండబెట్టారు. స్టీలు మీద కోడిగుడ్డు ఎన్నాళ్లు బతుకుతుందో మాత్రం ఆ పరిశోధనలో ఉన్నట్టు లేదు.

రాగి సంగతి విన్నాక ఇంకెవరో రాగిచెంబులో చారు పంపారు. చింతపండు పులుపుకి చెంబు లోపల కొత్తదానిలా మెరిసింది. ఆ చారు మేం తాగలేదు. ఏప్రిల్ 20 నుంచి తెలంగాణ ప్రభుత్వం స్విగ్గీ, జొమాటోల్ని కూడా ఆపేశాక తమరికి ఇక పోటీయే లేకుండా పోయింది.

ఒక్క సంగతి మాత్రం అడగాలి. అయిదంతస్తులు ఎక్కి దిగారు కదా, సెల్లార్‌లోకి ఎందుకు వెళ్లలేదు?

వాచ్‌మన్ వాళ్లకి మేం పెట్టలేదని కాదు. కూర మిగిలిన రోజున, అన్నం ఎక్కువైన రోజున పంపాం. తమరిలో కాదు, పెరుగు డబ్బాలో. "డబ్బా మళ్లీ ఇవ్వక్కర్లేదులే" అని చెప్పి మరీ ఇచ్చేవాళ్లం. అది మంచితనమే అనుకున్నాం. తిరిగి ఇవ్వక్కర్లేని డబ్బాలో ఏదో ఒకటి వేసి ఇచ్చే పనీ ఉండదు కదా. వాళ్ల పొయ్యి మీద వండింది మా గుమ్మం ఎక్కకుండా ఉండటానికి ఇంతకంటే మర్యాదైన ఉపాయం ఉంటుందా? తెల్లకార్డు ఉంటే మనిషికి 12 కిలోల బియ్యం, ఇంటికి 1,500 రూపాయలు ఇస్తున్నారు కదా, వాళ్లకేం లోటు అని కూడా అనుకున్నాం. పనమ్మాయి గ్లాసు మా కిటికీ గూట్లో ఎప్పటినుంచో విడిగానే ఉండేది. దూరం పాటించడం మాకు కొత్తగా ఎవరూ నేర్పలేదు.

2021 మేలో మా ఇంట్లో నలుగురికీ పాజిటివ్ వచ్చింది. 12 నుంచి మళ్లీ లాక్‌డౌన్, పొద్దున 6 నుంచి 10 దాకే బయట తిరగనిచ్చేవారు. పిన్నిగారు కూతురింట్లో ఉన్నారు. కుర్రాడు ఊరికి వెళ్లిపోయాడు. 204 అక్క మూడు రోజులు భోజనం పంపింది, కర్రీ పాయింట్ వాళ్లిచ్చే ప్లాస్టిక్ డబ్బాల్లో. "డబ్బాలు మల్ల ఇయ్యకు చెల్లే, పారెయ్యి" అంది ఫోన్లో. అందులో తప్పేం లేదు. నేనైనా అలాగే చేసేదాన్ని. చేశాను కూడా, ఏడాది పాటు.

అయిదో రోజు సాయంత్రం బెల్ మోగింది. తలుపు తీస్తే స్టూలు మీద ఒక స్టీలు గిన్నె, మూతగా పళ్లెం, పళ్లెం మీద గుడ్డలో చుట్టిన జొన్నరొట్టెలు. గిన్నెలో మిరియాలు దంచి వేసిన చారు. మెట్ల మలుపు దగ్గర వాచ్‌మన్ భార్య నిలబడి ఉంది, కొంగు మూతికి అడ్డం పెట్టుకుని.

"గిన్నె మెల్లగ ఇయ్యండమ్మా, తొందరేం లేదు."

ఇవ్వొద్దు అనలేదు, చూశారా. మెల్లగా ఇవ్వమంది.

చారు వాసన తెలియలేదు, అప్పటికి ముక్కు పనిచెయ్యడం మానేసింది. మిరియం ఘాటు మాత్రం గొంతులో తగిలింది. గిన్నె తోముతుంటే కింద కొట్టించిన పేరు కనిపించింది. ఆమె పేరు. నాలుగేళ్లుగా "ఇదిగో అమ్మాయ్" అనే పిలుస్తున్నాం. ఆ పేరు ఇక్కడ రాయను. ఇన్నాళ్లూ నోటితో పిలవనిది ఉత్తరంలో రాసి పెద్దమనిషి అనిపించుకోవడం బాగుండదు.

ఆ గిన్నె ఇప్పటికీ మా స్టవ్ పక్కనే ఉంది. ఆమె రోజూ కనిపిస్తుంది, అడగదు. ఖాళీగా ఇవ్వకూడదు, మిగిలింది పెట్టి అసలే ఇవ్వకూడదు. పోనీ ఏదైనా చేద్దామంటే, పిన్నిగారికి వంకాయ పడదని తెలుసు, 204 అక్కకి పులుపు ఎక్కువుండాలని తెలుసు, 502 కుర్రాడికి ఆవకాయలో ముక్క కంటే గుజ్జే ఇష్టమని తెలుసు. ఈమెకి ఏం ఇష్టమో తెలియదు. అడగాలంటే పేరు పెట్టి పిలవాలి.

ఈ విషయాల్లో తమరికి అనుభవం ఉంది గనుక ఏదైనా సలహా చెప్పగలరని ఆశిస్తాను. ఈ ఆదివారం అటక మీంచి దింపుతాను.

ఇట్లు,
303

తా.క.: నిన్న పులిహోర కలిపాను. ఆమె గిన్నె కడిగి, తుడిచి, పక్కన పెట్టుకున్నాను. పెట్టబోతూ చూసుకుంటే, నా ఎడమ చేతిలో పెరుగు డబ్బా మూత ఉంది.