సవరణ: తుఫాను చూసిన పిల్లల్ని వెంటనే గుచ్చి అడగొద్దు

2018 తిత్లీ తుఫాను చూసిన ఒడిశాలోని గజపతి జిల్లా పిల్లల గురించి రాసిన మొన్నటి పోస్టులో ‘మొదటి రోజే అంతా చెప్పిస్తే భారం దిగుతుంది’ అని ఉంది. ఆ వాక్యం తీసేశాం. ఆపద జరగగానే అలా చెప్పించడం వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే చెప్పింది. ముందు కావాల్సింది అమ్మ పక్కన నిద్ర, వేళకు అన్నం, మళ్లీ బడి. నెల దాటినా వాన చప్పుడుకే మంచం కిందికి దూరుతుంటే, పీడకలలు ఆగకపోతే మాత్రం ఆలస్యం చెయ్యకండి, బరంపురం ఎంకేసీజీ ఆసుపత్రి మానసిక విభాగంలో చూపించండి. ఇలాంటి పిల్లలకు చేసే మాటల చికిత్సలో ముందు బిడ్డకు భయాన్ని తట్టుకోవడం నేర్పి, ఆ తర్వాతే జరిగింది కొంచెం కొంచెంగా చెప్పిస్తారు. అమ్మానాన్నలూ పాలుపంచుకోవాలి. ఏ జబ్బుకు ఏ చికిత్స మంచిదో సూచించే బ్రిటన్‌లోని నైస్ సంస్థ చెప్పిన లెక్క 6 నుంచి 12 విడతలు. 18 ఏళ్లలోపు వారికి ఆపద తర్వాత మిగిలే ఈ భయానికి మందులు వద్దని కూడా ఆ సంస్థే అంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ 14416లో తెలుగులోనే మాట్లాడొచ్చు.