రీల్‌కి నాలుగు లక్షల వ్యూస్, బుకింగులు సున్నా

నిన్న ఒక తమ్ముడు మా స్టూడియోకి వచ్చి "అన్నా, కొత్త కెమెరా కొన్నా, ఇన్‌స్టాలో పేజీ కూడా పెట్టినా, పదివేల మంది ఫాలోవర్లు రావాలంటే ఏం చేయాల?" అని అడిగాడు. టీ తాగించి పంపించాను కానీ రాత్రి పడుకున్నాక కూడా అదే బుర్రలో తిరుగుతోంది. పెళ్లిళ్లు ఎట్లా వస్తాయని అడగలేదు వాడు, ఫాలోవర్లు ఎట్లా వస్తారని అడిగాడు. మన తిరుపతిలో ఫోటో పని చేసేవాళ్లలో చాలామందికి ఈ రెండూ ఒకటే అయిపోయాయి. అందులో నేనూ ఉన్నాను కాబట్టే ఇది రాస్తున్నా, ఎవరికైనా గుచ్చుకుంటే నన్ను కూడా కలుపుకునే తిట్టండి.

నా లెక్క చెప్తా. రెండేళ్ల కిందట తలకోన దగ్గర ఒక జంటకి ప్రీ వెడ్డింగ్ తీశాం. అందులో ఇరవై సెకన్ల ముక్క రీల్‌గా పెడితే నాలుగు లక్షల మంది చూశారు. వారం రోజులు నా కాళ్లు నేల మీద లేవు. ఇంట్లో అన్నం తింటూ కూడా ఎడం చేత్తో ఫోన్ కిందికి లాగి చూసుకోవడమే. ఇంతకీ వచ్చిన కామెంట్లు ఏంటంటే "ఏ లెన్స్ బ్రో", "ప్రీసెట్ పంపండి బ్రో", "ఈ ప్లేస్ యాడ బ్రో". లెన్సూ, ఫోటో రంగులు దిద్దే రెడీమేడ్ సెట్టింగ్ ఆ ప్రీసెట్టూ అడిగేది ఎవరు? నాలాంటి ఫోటోగ్రాఫర్లే. ఒక మిఠాయి కొట్టాయన జిలేబీ చుట్టి పక్క మిఠాయి కొట్టాయనకి చూపించి మురిసిపోయినట్టుంది నా కథ. ఆ నాలుగు లక్షల్లోంచి ఒక్క పెళ్లి రాలేదు. పెళ్లి దాకా ఎందుకు, ఒక బారసాల కూడా రాలేదు.

అదే సీజన్‌లో రేణిగుంట పక్కన ఒక పెళ్లి. ఇల్లు చిన్నది, వెలుతురు లేదు, పెద్ద బడ్జెట్టూ కాదు. పెళ్లికూతురికి మేనత్త బాసికం కడుతోంది, దారం ఒక కొస పళ్ల మధ్య పట్టుకుని, రెండు చేతులతో ముడి వేస్తూ, ఆ దారం పట్టుకునే నవ్వుతోంది. కిటికీలోంచి పడిన కాస్త వెలుతురులో అది దొరికింది నాకు. ఆ రాత్రే ఒక పదిహేను ఫోటోలు చిన్న సైజు చేసి పెళ్లికూతురి నాన్నకి వాట్సాప్‌లో పంపాను, కింద మూలన స్టూడియో పేరు, నంబరు. ఆయన బంధువుల గ్రూపులో పెట్టాడు, మేనత్త డీపీగా పెట్టుకుంది. ఆమె డీపీ చూసి నాకు మూడు పెళ్లిళ్లు వచ్చాయి, ఒకటి పుత్తూరు, రెండు ఇక్కడే. ఆమెకి ఇన్‌స్టా అంటే ఏంటో కూడా తెలీదు!

ఎందుకంటే మన దగ్గర ఫోటోగ్రాఫర్‌ని కుదిర్చేది పెళ్లికొడుకు ఒక్కడే కాదు. మేనమామ ఒక మాటంటాడు, పెద్దక్క తన ఆల్బమ్ తీసి చూపిస్తుంది, మండపం మేనేజర్ ఇంకో నంబరు ఇస్తాడు. వీళ్లెవరూ మన రీల్స్ చూసి తీర్పు చెప్పరు. వాళ్లకి కావలసింది "మన అత్తోళ్లింట్లో తీశాడే, ఆ పిల్లోడు, టైముకొస్తాడు, ఆల్బమ్ ఆర్నెల్లు తిప్పించుకోడు" అన్న మాట.

పైగా మనం ఎక్కిన బండి మన చేతిలో ఉందా అంటే అదీ లేదు. 2020 జూన్‌లో టిక్‌టాక్ పోయింది, జులైకల్లా ఇన్‌స్టాలో రీల్స్ వచ్చాయి, మరుసటేడాది ఆ ఇన్‌స్టా పెద్దాయనే మాది ఇక ఫోటోలు పంచుకునే యాప్ మాత్రమే కాదని చెప్పేశాడు. ఫోటోలు తీసి బతికేవాళ్లం మనం, అక్కడే కూర్చుని ఫోటోకి రీచ్ రాలేదని ఏడుస్తున్నాం. 2025 జనవరిలో ప్రొఫైల్‌లో కనిపించే చదరపు గడుల్ని నిలువు గడులుగా మార్చేస్తే నేను మూడేళ్లు కూర్చుని సర్దుకున్న పేజీలో సగం రీల్స్ కవర్ బొమ్మల్లో పక్కలు తెగిపోయి "శ్రీ"లు మిగిలి "వెంకటేశ్వర"లు పోయాయి. బిజినెస్ అకౌంట్ పెడితే ట్రెండింగ్‌లో ఉన్న సినిమా పాటలు చాలావరకు రావు, అందుకే మనవాళ్లు వ్యాపారమంతా పర్సనల్ అకౌంట్‌లో చేస్తుంటారు.

ఇవన్నీ సరే. నాకు నిజంగా బుద్ధొచ్చింది తిరుచానూరులో ఒక పెళ్లిలో. అప్పగింతలు జరుగుతున్నాయి. నా అసిస్టెంట్ వీడియోలో ఉన్నాడు, నేను ఒక నిమిషం పక్కకెళ్లి స్టోరీ అప్‌లోడ్ చేస్తున్నా, వేడివేడిగా వెళ్తే వ్యూస్ వస్తాయని. నెట్ సరిగ్గా లేదు, ఆ గుండ్రం తిరుగుతూనే ఉంది. నెల తర్వాత ఆల్బమ్‌కి ఫోటోలు ఏరడానికి పెళ్లికూతురి నాన్న వచ్చి, రెండు వేల ఫోటోలూ ఓపిగ్గా చూసి, "మా నాయన ఆ స్తంభం పక్కన నిలబడి కండువాతో కళ్లు తుడుచుకుంటా ఉండె, అదొక్కటీ లేదే నైనా?" అన్నాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆ స్టోరీని ఎంతమంది చూశారో నాకు ఇప్పుడు గుర్తు కూడా లేదు.

ఇంకో తద్దినం, ఎక్కడో రీల్ చూసి వచ్చి "కొండ మీద గోపురం వెనక నుంచి డ్రోన్ షాట్ కావాల సార్" అనే కస్టమర్లు. తిరుమలలో డ్రోన్ నిషేధం, గుడి ముందు రీల్స్ తీసేవాళ్లని దేవస్థానం ఎన్నిసార్లు హెచ్చరించిందో అందరికీ తెలుసు. వ్యూస్ కోసం కేసు పెట్టించుకోవాలా? కుదరదని చెప్తే "వేరేవాళ్లు తీస్తారు" అని వెళ్లిపోయారు. మంచిది, వెళ్లనీ.

పర్మిషన్ సంగతి కూడా చెప్పుకోవాలి. ఒక ఓణీల ఫంక్షన్ ఫోటో బాగుందని ఫేస్‌బుక్‌లో పెట్టేశా. మర్నాడు పొద్దున్నే పాప మేనమామ ఫోన్, "మా పాప ఫోటో నడిబజార్లో పెట్టమని ఎవరు చెప్పినారప్పా నీకు?" అని. ఆయన అడిగింది న్యాయమే. మనం తీశాం కాబట్టి మనదే అనుకుంటాం కానీ 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం వేరే ఒప్పందం ఏమీ రాసుకోకపోతే డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకి మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్లే. అప్పటి నుంచి అడ్వాన్స్ రసీదు మీదే "కొన్ని ఫోటోలు ప్రచారానికి వాడుకోవచ్చు, వద్దు" అని రెండు గడులు పెట్టి టిక్ కొట్టించుకుంటున్నా. చిన్నపిల్లలవైతే టిక్ ఉన్నా మళ్లీ ఫోన్ చేసి అడుగుతా.

అట్లాగని సోషల్ మీడియా వద్దనడం లేదు, అంత సన్యాసం నాకు రాలేదు. ఎవరైనా మన పేరు చెప్పాక, అవతలివాళ్లు ఫోన్ తీసి వెతుకుతారు, అప్పుడు అక్కడ మనం ఉండాలి. అంతే దాని పని. నా మటుకు నాకు రీల్ కన్నా గూగుల్ మ్యాప్స్‌లో షాపు పెట్టుకోవడం ఎక్కువ కూడు పెట్టింది. పాస్‌పోర్ట్ సైజు ఫోటోకి అర్జెంటుగా వచ్చేవాళ్లు మ్యాప్ పట్టుకుని నేరుగా బైరాగిపట్టెడలో మా మెట్లెక్కుతారు. ఒకసారి బూస్ట్ అని, అంటే డబ్బు కట్టి పోస్టుని ఎక్కువమందికి చూపించడం, రెండు వేలు పెట్టి ఆంధ్రా మొత్తం సెలెక్ట్ చేస్తే శ్రీకాకుళం నుంచి "ప్రైస్ ప్లీజ్" అని మెసేజ్‌లు. నేను యాడికి పోయేది? ఇప్పుడు పెట్టేది ఏమైనా ఉంటే చుట్టూ ముప్పై నలభై కిలోమీటర్లకే, అదీ ఆషాఢంలో, శ్రావణం ముహూర్తాలకి జనం వెతుకుతుంటారు కాబట్టి.

ఇది రాస్తూ మధ్యలో ఆ తమ్ముడి పేజీ తెరిచి చూశా. పని బాగుంది, అబద్ధం చెప్పను, చంద్రగిరి కోటలో తీసిన ఒక ఫోటో అయితే నాకే కుళ్లొచ్చింది. ఇరవై ఆరు పోస్టులు. పైన ఇంగ్లీషులో ఏదో పెద్ద కొటేషన్, రెండు రెక్కల బొమ్మలు. ఫోన్ నంబర్ లేదు. ఊరి పేరు కూడా లేదు. ఇప్పుడే ఫోన్ చేసి ముందు అవి పెట్టరా నాయనా అని చెప్పా.