ఈ సవరం ఎవరిది?

మా పాపది రింగుల జుట్టు. మా నాయనమ్మ నుంచి నాకూ, నా నుంచి పాపకూ సంక్రమించిన ఆస్తి అదొక్కటే. నా వాటా ఏనాడో కరిగిపోయింది కనుక ప్రస్తుతం ఏకైక వారసురాలు పాపే. ఆ జుట్టును సాపు చేస్తే తప్ప ప్రదర్శన నాడు సవరం నిలవదని నాట్యం మేడమ్ గారు హుకుం జారీ చేశారు. నిన్న మా ఆవిడ ఊళ్ళో లేని సమయం చూసి, గుండ్రటి బ్రష్షు ఒకటి కొని తెచ్చి, పొడి జుట్టు మీదే ప్రయోగించాను. అది పాప చెవి పైన చుట్టుకొని అక్కడే స్థిరపడింది.

దాన్ని విడిపించడానికి పార్లర్‌కని తిరుపతి లీలామహల్ సెంటర్‌లో షేర్ ఆటో ఎక్కాము. అందులో పలమనేరు వైపు కుటుంబం ఒకటి అప్పుడే కొండ దిగి వస్తున్నది. తాత, అవ్వ, కొడుకు, అతని ఒడిలో పసిబిడ్డ, అందరివీ గుండ్లే. అన్నింటి మీదా తడి ఆరని చందనమే. ఆ గుండ్లన్నీ ఒక్కసారిగా మా వైపు తిరిగాయి. జుట్టు గురించి సలహా ఇవ్వడానికి జుట్టు ఉండవలసిన పని లేదు. "ఈ తిప్పలెందుకు నాయనా, కల్యాణకట్టకు పిలుచుకొని పో, రేయింబగళ్ళు గొరుగుతానే ఉంటారు, దుడ్డు గూడా అడగరు" అన్నది అవ్వ. "పార్లర్లో మందు పెట్టి సాపు చేస్తారు సార్" అన్నాడు కొడుకు. మందు పెడితే ఉన్న వెంట్రుకల్లోని బంధాలు తెగి అవి సాపవుతాయి గానీ, కుదుళ్ళే వంపు తిరిగి ఉన్నప్పుడు కొత్తగా మొలిచే జుట్టు మళ్ళీ రింగులు తిరిగే వస్తుందని నేను వివరించబోతుండగా, పసిబిడ్డ చెయ్యి చాచి బ్రష్షు పిడిని పట్టుకున్నది. సరిగ్గా అప్పుడే ఆటో గుంతలో పడింది. పాప కెవ్వుమన్నది, బిడ్డ కెవ్వుమన్నది, తాత భయపడి "ఏడుకొండలవాడా" అన్నాడు, వెనుక సీటు వాళ్ళందరూ అలవాటు కొద్దీ "గోవిందా" అని బదులు పలికారు.

పార్లర్ అమ్మాయి జుట్టు తడిపి, కండీషనర్ పట్టించి, కొసల నుంచి పైకి వేళ్ళతో చిక్కు విడదీసి బ్రష్షును విడిపించింది. "రింగుల జుట్టును తడి మీదే, వెడల్పు పళ్ళ దువ్వెనతో దువ్వాలి సార్" అన్నది. రింగులు యథాస్థానానికి చేరాయి. పాప అద్దంలో చూసుకొని, "ఇట్లే పోతా క్లాసుకు" అన్నది.

మేడమ్ గారు ముఖం చిట్లించారు. కల్యాణకట్టలో భక్తులు సమర్పించిన తలనీలాలను పొడవును బట్టి వేరు చేసి వేలం వేస్తుండగా, ఆ కొండ కిందనే, ఎవరిదో తెలియని సాపు జుట్టుకున్న మర్యాద బిడ్డ సొంత జుట్టుకు లేకపోవడం నాకు మింగుడు పడలేదు. స్వామికే తలపై జుట్టు కొరవడితే నీలాదేవి తన కురులు కోసి ఇచ్చిందని చెప్పుకునే ఊరు ఇది. అవి సాపువా రింగులవా అని ఆయన అడిగినట్టు నేను విన్న కథలో లేదు. ఇవన్నీ మేడమ్ గారి ముందు అనే ధైర్యం నాకు లేక చెప్పులు చూసుకుంటూ నిలబడ్డాను. పాప మాత్రం సవరాన్ని చేతిలోకి తీసుకొని, "మేడమ్, ఇది ఎవరి గుండుది?" అని అడిగింది.

ఆ ప్రశ్న నేర్పింది నేనేనని మేడమ్ గారి అనుమానం. రేపు సాయంత్రం వచ్చి కలవమన్నారు.