సెల్ఫ్ కొట్టకముందే ఆయిల్ ఎక్కించాలా? ప్రీ-ఆయిలర్ ప్రచారంలో నిజమెంత

"ఇంజిన్ అరుగుదలలో 90 శాతం స్టార్ట్ చేసిన క్షణంలోనే జరుగుతుంది. రాత్రంతా ఆగి ఉన్న బండిలో ఆయిలంతా ఇంజిన్ అడుగున ఉండే ఛాంబర్‌లోకి దిగిపోతుంది, పొద్దున సెల్ఫ్ కొట్టగానే ఇనుముని ఇనుము రాసుకుంటుంది. రేసు కార్లకీ, ఓడలకీ, రైలింజన్లకీ ముందే ఆయిల్ ఎక్కించే పంపు ఉంటుంది. కాబట్టి టర్బో కారు, స్పోర్ట్స్ కారు ఉన్న ప్రతివాళ్ళూ ప్రీ-ఆయిలర్ బిగించుకోవాలి."

కార్లంటే ప్రాణం పెట్టేవాళ్ళ మధ్య ఈ సందేశం ఏళ్ళ తరబడి తిరుగుతోంది. ఇందులో ఒక ముక్క నిజం. చల్లటి ఇంజిన్ ఎక్కువ అరుగుతుంది. అయితే ఆ అరుగుదలలో పెద్ద వాటా మొదటి రెండు సెకన్లది కాదు, ఆ తర్వాతి పది పదిహేను నిమిషాలది. ప్రీ-ఆయిలర్, అంటే స్టార్ట్‌కి ముందే ఇంజిన్‌లోకి ఆయిల్ ఎక్కించే పరికరం, చూసుకునేది ఆ రెండు సెకన్లనే. ఒక్కో మాటా తీసుకుని చూద్దాం.

"90 శాతం అరుగుదల స్టార్ట్‌లోనే"

ఈ అంకె ఒక చోట 75, ఒక చోట 80, ఇంకో చోట 90గా కనిపిస్తుంది. బాగా జనంలోకి వెళ్ళింది క్యాస్ట్రాల్ మాగ్నటెక్ ప్రకటనల్లోని 75 శాతం. ఆ ప్రకటన అన్నది "వార్మప్ సమయంలో 75 శాతం వరకు" అని. చేతులు మారేటప్పుడు వార్మప్ కాస్తా స్టార్టప్ అయింది, "వరకు" అన్న మాట రాలిపోయింది. ఈ రెండు మాటల తేడాలోనే మొత్తం వాదం ఉంది.

లెక్క చూడండి. సెల్ఫ్ కొట్టాక ఆయిల్ ప్రెషర్ లేవడానికి, మంచి స్థితిలో ఉన్న కారులో, సాధారణంగా ఒకటి రెండు సెకన్లు పడుతుంది. వెయ్యి ఆర్‌పీఎం దగ్గర రెండు సెకన్లంటే క్రాంక్ (ఇంజిన్ ప్రధాన షాఫ్ట్) 33 చుట్లు తిరుగుతుంది. ఇంజిన్ పూర్తిగా వేడెక్కేలోపు పది నిమిషాలు సగటున 2000 ఆర్‌పీఎంతో నడిపితే 20,000 చుట్లు. అన్ని చుట్లూ ఒకే రకంగా అరగదీయవు, నిజమే. అయినా ఆ 20,000 చుట్లలో ఏం జరుగుతుందో తెలిస్తే డబ్బు ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది.

లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీళ్ళు ఆవిరిగా పుడతాయి. బోరు (సిలిండర్ లోపలి) గోడలు చల్లగా ఉన్నంతసేపు అందులో కొంత గోడ మీదే చెమ్మగా పేరుకుంటుంది. మండినప్పుడు పుట్టిన ఆమ్లాలు అందులో కలుస్తాయి, రింగులూ బోరూ రాపిడితో పాటు తుప్పుతోనూ అరుగుతాయి. చల్లటి ఇంజిన్‌కి ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) ఎక్కువ పెట్రోలు కొడుతుంది. ఆవిరి కాని పెట్రోలు గోడ మీది ఆయిల్ పొరను కడిగేసి, రింగుల పక్క నుంచి ఛాంబర్‌లోకి దిగి ఆయిల్‌ను పలచబరుస్తుంది. నేరుగా సిలిండర్‌లోకే ఇంధనం చిమ్మే టర్బో ఇంజిన్లలో ఇది మరీ ఎక్కువ. పిస్టన్ ఇంకా వ్యాకోచించలేదు కాబట్టి బోరులో కాస్త వదులుగా ఊగుతుంది. ఆయిల్‌లోని జెడ్‌డీడీపీ లాంటి అరుగుదల నిరోధకాలు లోహం మీద రక్షణ పొర కట్టాలంటే వేడి కావాలి.

వీటిలో ఒక్కదానికీ ప్రీ-ఆయిలర్ మందు కాదు. అది బోరుని వేడి చేయదు, పెట్రోలు కడగడాన్ని ఆపదు. బోరు గోడకి ఆయిల్ అందేది ప్రధానంగా క్రాంక్ తిరుగుతూ చిమ్మినప్పుడు, పిస్టన్ కింద జెట్లు ఉంటే అవి కొట్టినప్పుడు. క్రాంక్ కదలకుండా గ్యాలరీలో (ఇంజిన్ లోపలి ఆయిల్ దారుల్లో) ప్రెషర్ నింపితే బేరింగ్‌లు తడుస్తాయి, పిస్టన్ రింగుల పరిస్థితి పెద్దగా మారదు.

దీన్ని తేల్చే పరీక్ష రోడ్ల మీద రోజూ జరుగుతూనే ఉంది. హైబ్రిడ్ కార్లలో, స్టార్ట్-స్టాప్ ఉన్న కార్లలో ఇంజిన్ ఒక్క ప్రయాణంలోనే పదేపదే ఆగి మళ్ళీ మొదలవుతుంది. 1997లో వచ్చిన టయోటా ప్రియస్‌ని చాలా దేశాల్లో టాక్సీలుగా లక్షల కిలోమీటర్లు తిప్పారు. అరుగుదలంతా స్టార్ట్‌లోనే ఉంటే ఆ ఇంజిన్లు ఎప్పుడో బోరుకి రావాలి, రాలేదు. ఎందుకంటే వాటిలో దాదాపు అన్నీ వేడి మీద జరిగే స్టార్ట్‌లు. హైవే టాక్సీ ఇంజిన్ ఎక్కువ కాలం మన్నడాన్ని ప్రీ-ఆయిలర్ పక్షంవాళ్ళు "స్టార్ట్‌లు తక్కువ కాబట్టి" అంటారు. అది మన్నేది రోజంతా వేడిగా తిరుగుతుంది కాబట్టి. స్టార్ట్-స్టాప్ కార్ల కోసం బేరింగ్ తయారీదారులు పాలిమర్ పూత వేసిన షెల్స్ (బేరింగ్ లోపలి పలకలు) తెచ్చిన మాట వాస్తవమే. ఆయిల్ పొర కట్టేలోపు క్షణకాలం రాపిడి ఉందని దాన్నిబట్టే తెలుస్తుంది, ఆ సంగతిని కొట్టిపారేయడం లేదు. ఆ రాపిడి సన్నటి పూతతో తీరింది, దానికోసం ఎవరూ ప్రతి కారులో ఇంకో పంపు పెట్టలేదు.

"రాత్రికి ఆయిలంతా దిగిపోతుంది"

గ్యాలరీల్లోది కొంత దిగుతుంది. బేరింగ్‌లోది దిగదు. 50 మి.మీ. జర్నల్‌కి (షాఫ్ట్‌లో బేరింగ్ లోపల తిరిగే భాగానికి) బేరింగ్ ఖాళీ సుమారు 0.03 నుంచి 0.05 మి.మీ. అంత సన్నటి సందులో ఆయిల్‌ని తలతన్యత పట్టి ఉంచుతుంది. వారం తర్వాత బేరింగ్ క్యాప్ విప్పినా షెల్ తడిగానే కనిపిస్తుంది. పంపు గేర్లు కూడా తడిగానే ఉంటాయి, అందుకే వెంటనే లాగుతాయి.

గ్యాలరీ ఖాళీ కాకుండా ఆపే పని ఆయిల్ ఫిల్టర్‌లోని వెనక్కి జారనివ్వని వాల్వ్‌ది. ఫిల్టర్ అడ్డంగానో, మూతి కిందికో బిగించిన ఇంజిన్లలో ఇది చాలా ముఖ్యం. చవక ఫిల్టర్లలో నైట్రైల్ రబ్బరు వేడికి గట్టిపడి వాల్వ్ మూసుకోదు. సిలికాన్‌ది మెత్తగా ఉంటుంది. పొద్దున మొదటి స్టార్ట్‌లో టైమింగ్ చైన్ రెండు సెకన్లు గలగలమన్నా, ఆయిల్ లైట్ ఆరడానికి మూడు సెకన్లు దాటినా మొదట చూడాల్సింది ఫిల్టర్. అసలైన ఫిల్టర్ వేశాక కూడా శబ్దం ఉంటే చైన్ టెన్షనర్, క్యామ్ ఫేజర్ (వాల్వ్‌ల టైమింగ్ మార్చే భాగం) చూపించండి. అలాంటి ఇంజిన్‌కి ప్రీ-ఆయిలర్ పెడితే శబ్దం తగ్గుతుంది, లోపం మాత్రం అలాగే ఉండి పెరుగుతుంది.

"ముందే ప్రెషర్ ఉంటే లోహం లోహాన్ని తాకదు"

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. షాఫ్ట్‌ని బేరింగ్‌కి తగలకుండా ఎత్తి పట్టేది పంపు ప్రెషర్ కాదు. 50 మి.మీ. వ్యాసం, 20 మి.మీ. వెడల్పు ఉన్న రాడ్ బేరింగ్ (పిస్టన్ రాడ్ క్రాంక్‌కి కలిసే చోటిది) తీసుకోండి. దాని మీద 3 బార్ ప్రెషర్ మొత్తం పనిచేసిందనుకున్నా మోయగలిగేది 30 కిలోల బరువు. 86 మి.మీ. బోరులో 80 బార్ మంట ఒత్తిడి పిస్టన్ మీద వేసే భారం 4,700 కిలోలు దాటుతుంది. ఈ భారాన్ని మోసేది తిరుగుతున్న షాఫ్ట్ తనతో లాక్కెళ్ళి బిగించే ఆయిల్ పొర. షాఫ్ట్ తిరిగితేనే ఆ పొర పుడుతుంది. పంపు పని ఆ పొరకి ఆయిల్ అందించడం, వేడి మోసుకెళ్ళడం. కాబట్టి సెల్ఫ్ కొట్టేముందు గేజ్‌లో 3 బార్ కనిపించినా మొదటి చుట్టులో కొద్దిపాటి రాపిడి ఉండనే ఉంటుంది. ఐడిల్‌లో భారం తక్కువ కాబట్టే దానివల్ల ముప్పు లేదు. స్టార్ట్ కాగానే 4000 దాకా రేస్ చేసేవాళ్ళకి మాత్రం ముప్పుంది, వాళ్ళకి ఏ పరికరమూ రక్ష కాదు.

"రేసు కార్లకీ, రైలింజన్లకీ ఉంది కదా"

ఉంది, దానికి వేరే కారణం ఉంది. ఫార్ములా 1 ఇంజిన్‌ని స్టార్ట్ చేసేముందు వేడి చేసిన కూలెంట్‌నీ ఆయిల్‌నీ బయటి నుంచి తిప్పుతారు. దాని కొలతలన్నీ వేడి మీద సరిపోయేలా కోసినవి, చల్లగా తిప్పితే పట్టేస్తుంది. అక్కడా ముఖ్యం వేడి అన్నది గమనించండి. డ్రై సంప్ (ఆయిల్‌ని ఇంజిన్ అడుగున కాక విడి ట్యాంకులో ఉంచే) రేసు ఇంజిన్లలో పంపు బెల్టు విప్పి డ్రిల్‌తో తిప్పి ప్రెషర్ తెచ్చేది తరచూ విప్పి బిగించే ఇంజిన్లు కాబట్టి.

రైల్వేలో గూడ్సు బండ్లు లాగే డబ్ల్యూడీజీ-4 డీజిల్ లోకోలు తెలిసినవాళ్ళకి ఈ సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది. 4000 హార్స్‌పవర్, 16 సిలిండర్ల ఇంజిన్. దాని టర్బోకి స్టార్ట్‌కి ముందు ఆయిల్ పంపి, ఆపిన తర్వాత కూడా అరగంటకు పైగా తిప్పే ప్రత్యేకమైన పంపు ఉంటుంది. ఆ క్రాంక్ బరువుకి ఆగి ఉన్నప్పుడే బేరింగ్‌లోని ఆయిల్ నలిగి బయటికి పోతుంది, గ్యాలరీలు మీటర్ల పొడవు. నాలుగు సిలిండర్ల కారు క్రాంక్ బరువు పది ఇరవై కిలోల మధ్య ఉంటుంది. ఆ పోలిక దీనికి నప్పదు.

"10డబ్ల్యూ-60 వాడే ఇంజిన్లకైనా తప్పదు"

10డబ్ల్యూ-60 అన్నది బాగా చిక్కటి ఆయిల్ గ్రేడ్. చిక్కటి ఆయిల్ నెమ్మదిగా పారుతుంది, అంతవరకు సరే. కానీ డబ్ల్యూ (వింటర్) గ్రేడ్‌లు పెట్టింది గడ్డకట్టే చలికి. 10డబ్ల్యూని పరీక్షించేది మైనస్ 25 డిగ్రీల దగ్గర. హైదరాబాద్ డిసెంబరు చలిలో 12 డిగ్రీలు ఆ లెక్కన చలే కాదు. బీఎండబ్ల్యూ ఇ46 ఎం3లో 10డబ్ల్యూ-60 వాడే కంపెనీయే ఏం పెట్టిందో చూడండి: ఆయిల్ వేడెక్కేకొద్దీ ఒక్కొక్కటిగా ఆరిపోయే లైట్లు ఆర్‌పీఎం మీటర్ చుట్టూ పెట్టింది. పంపు పెట్టలేదు. ఇక మైనస్ 25లో బతికే అమెరికాలోని మిన్నెసోటా, కెనడాలోని ఎడ్మంటన్ తెలుగువాళ్ళకి కావలసింది బ్లాక్ హీటర్ (ఇంజిన్‌ని ముందే వేడిచేసేది), మాన్యువల్ అనుమతించిన 0డబ్ల్యూ ఆయిల్.

మరి ఆయిల్ దాచే సిలిండర్ ఎవరికి?

ప్రీ-ఆయిలర్‌గా వాడే వాటిలో ఒకటి అక్యూసంప్ లాంటి అక్యుమ్యులేటర్, అంటే ఆయిల్‌ని ప్రెషర్‌తో దాచుకునే సిలిండర్. అది పనికిమాలిన వస్తువు కాదు. దాని అసలు పని ట్రాక్ మీద. గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ రేసు సర్క్యూట్‌లో పదో మలుపు దగ్గర మొదలయ్యే పొడవాటి కుడి వంపులో, అంటుకునే టైర్లతో వేగంగా పోతే వెట్ సంప్‌లో (మామూలు కార్లలో ఉండే అడుగు ఛాంబర్‌లో) ఆయిల్ ఒక పక్కకి చేరి పంపు పికప్ గొట్టం గాలి పీలుస్తుంది. 6000 ఆర్‌పీఎం దగ్గర క్షణం పాటు ఆయిల్ అందకపోతే రాడ్ బేరింగ్ పోతుంది. ప్రెషర్ పడిపోగానే సిలిండర్‌లో దాచిన ఆయిల్ గ్యాలరీలోకి దూకి ఆ ఖాళీని పూడుస్తుంది. ఇలాంటి కారుకైనా ముందు ఛాంబర్‌లో బాఫిల్స్ (ఆయిల్ పక్కకి పోకుండా ఆపే అడ్డుపలకలు), ఆ తర్వాతే అక్యుమ్యులేటర్.

బిగిస్తే ఈ జాగ్రత్తలు తప్పవు. పంపుకీ, సిలిండర్ హోస్ కలిసే టీ జాయింట్‌కీ మధ్య ఒకవైపే తెరుచుకునే వాల్వ్ ఉండాలి, లేదంటే దాచిన ఆయిల్ పంపు గుండా వెనక్కి పోతుంది. ఇంజిన్ ఆపకముందే, ప్రెషర్ ఉండగానే సిలిండర్ వాల్వ్ మూయాలి. మరిచిపోతే 3 క్వార్ట్ సిలిండర్‌లోని దాదాపు 2.8 లీటర్లు ఛాంబర్‌లోకి దిగుతాయి. ఆ మట్టంతో నడిపితే క్రాంక్ ఆయిల్‌ని చిలికి నురగ చేస్తుంది, సీళ్ళు కారతాయి, పొగ వస్తుంది. హోస్ ఎగ్జాస్ట్‌కి దూరంగా, రాపిడి లేకుండా పోవాలి. అది తెగితే ఇంజిన్ ఆయిలంతా రోడ్డు పాలవుతుంది. రోజూ ఆఫీసుకి వెళ్ళే కారులో రెండు సెకన్ల కోసం ఈ ప్రమాదాన్ని మోయడం సరైన బేరం కాదు.

ముందే ఆయిల్ ఎక్కించి తీరాల్సిన సందర్భాలు రెండు. మొదటిది ఓవర్‌హాల్ చేసిన ఇంజిన్. బేరింగ్‌లకి అసెంబ్లీ లూబ్ పూసి, ఫిల్టర్‌లో ఆయిల్ నింపి, ప్రెషర్ పాత్రతో గ్యాలరీ నింపాలి, లేదా స్పార్క్ ప్లగ్‌లు విప్పి గేజ్ లేచేదాకా సెల్ఫ్ కొట్టాలి.

రెండోది మీరు అమెరికాలో పిల్లల దగ్గర ఆరు నెలలు ఉండి తిరిగొచ్చేసరికి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో దుమ్ముపట్టి ఉన్న కారు. దానికి బ్యాటరీ పూర్తిగా ఛార్జ్ చేయండి. డిప్‌స్టిక్‌తో ఆయిల్ మట్టం చూడండి. ఫ్యూయల్ పంపు ఫ్యూజ్ తీసేయండి. ఐదేసి సెకన్లు, మధ్యలో ఇరవై సెకన్లు ఆగుతూ, ఆయిల్ లైట్ ఆరేదాకా సెల్ఫ్ కొట్టండి. మూడు నాలుగు సార్లకి ఆరుతుంది. ఆరకపోతే అక్కడితో ఆపి మెకానిక్‌ని పిలవండి. ఆరితే ఫ్యూజ్ పెట్టి స్టార్ట్ చేసి, యాక్సిలరేటర్ తాకకుండా అర నిమిషం వదిలేయండి. తర్వాత నెమ్మదిగా కదలండి, పది నిమిషాలు నిలబెట్టి ఐడిల్‌లో ఉంచొద్దు, పెట్రోలు బోరుని కడుగుతుంది. ఆయిల్ 70-80 డిగ్రీలకి వచ్చేదాకా 3000 దాటనివ్వొద్దు. కూలెంట్ ముల్లు మధ్యకి వచ్చినా ఆయిల్ ఇంకా ఐదు నుంచి పది నిమిషాలు వెనకబడి ఉంటుంది. ప్రీ-ఆయిలర్‌కి దాచిన డబ్బుతో ఆయిల్ టెంపరేచర్ గేజ్ ఒకటి పెట్టించుకోండి.