మహారాజశ్రీ షట్‌డౌన్ గారికి

మహారాజశ్రీ అమెరికా ప్రభుత్వ షట్‌డౌన్ గారికి,
క్యాపిటల్ హిల్, వాషింగ్టన్.

నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి. మీరు కుశలమని తెలుసు కాబట్టి అందులో సగం నిజమే. ఇక్కడి పార్లమెంటు, అంటే కాంగ్రెస్, సమయానికి బడ్జెట్ పాస్ చేయకపోతే వచ్చి ప్రభుత్వ ఆఫీసులు మూయించేది మీరే కదా. 2018 డిసెంబరులో వచ్చి 35 రోజులు ఉంటే ఇంతకు మించి ఎవరుంటారులే అనుకున్నాం. 2025 అక్టోబర్ 1న, దసరాకి అత్తారింట్లో దిగిన కొత్త అల్లుడిలా దిగి, 43 రోజులు కదల్లేదు. మీ రికార్డు మీరే బద్దలు కొట్టారు. అభినందనలు.

మీరు రాజ్యాంగంతో పాటే పుట్టారని ఇక్కడ చాలామంది నమ్మకం. అంత వయసేమీ లేదు మీకు. మంజూరు కాని డబ్బు ఖర్చు పెట్టకూడదన్న చట్టం 1884 నాటిదే కానీ, బడ్జెట్ ఆలస్యమైనా ఆఫీసులు ఎలాగోలా నడిచేవి. 1980లో, 81లో అటార్నీ జనరల్ బెంజమిన్ సివిలెట్టి, డబ్బు లేకపోతే తలుపులు మూయాల్సిందే, ప్రాణానికో ఆస్తికో ముప్పున్న పనులు తప్ప అని రాసిచ్చారు. ఆ రెండు కాగితాలే మీ బర్త్ సర్టిఫికెట్.

అదే 1981 ఆగస్టులో విమానాల రాకపోకలు నడిపే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లు జీతాలు పెంచమని, పని గంటలు తగ్గించమని సమ్మెకు దిగారు. ఫెడరల్ ఉద్యోగి సమ్మె చేయడం ఈ దేశంలో నేరం. అప్పటి అధ్యక్షుడు రీగన్ గారు 48 గంటలు గడువిచ్చి, 11 వేల మందికి పైగా ఉద్యోగాలు ఊడబీకారు. 2025లో అదే ఉద్యోగంలో ఉన్నవాళ్లని మీరు జీతం లేకుండా టవర్ ఎక్కించారు. అక్టోబర్ 28న చేతికి రావాల్సిన జీతం సున్నా. ఆ రోజు వాళ్లు డ్యూటీ లేని సమయంలో విమానాశ్రయాల బయట నిలబడి, మా పరిస్థితి ఇదీ అని ప్రయాణికులకు కరపత్రాలు పంచారు. జీతం చాలక పని ఆపితే నేరం. పని చేయించుకుని జీతం ఆపితే మాత్రం బడ్జెట్ చర్చలు!

సమ్మెలంటే మాకు కొత్త కాదు. 2011లో తెలంగాణలో సకల జనుల సమ్మె 42 రోజులు సాగింది. ఉద్యోగులు, టీచర్లు, సింగరేణి కార్మికులు, ఆర్టీసీ వాళ్లు ఎందుకు పని మానేశారో వీధిలో పిల్లాణ్ణి అడిగినా చెప్పేవాడు. మానేసినవాళ్లే దాని కష్టమూ పడ్డారు. మీ పద్ధతి వేరు. పని మానేసేది కాంగ్రెస్, జీతం ఆగేది గుమస్తాకి. ఏడాదికి 1,74,000 డాలర్లు తీసుకునే సభ్యుల జీతం మీరున్నన్నాళ్లూ ఠంచనుగా పడుతూనే ఉంటుంది. వాళ్ల పద్దు వేరట. పద్దుల బిల్లులన్నీ సెప్టెంబర్ 30 లోపు పాస్ చేసి వాళ్లు చివరిసారి పని పూర్తి చేసింది 1996లో. ఇండియాలో లోక్‌సభ బడ్జెట్‌ని ఓడిస్తే ఇంటికి వెళ్లేది ప్రభుత్వం. సమయం చాలకపోతే కొన్నాళ్ల ఖర్చుకి ముందే అనుమతిచ్చే ఓట్ ఆన్ అకౌంట్ ఉండనే ఉంది. ఇక్కడ ఇంటికి వెళ్లేది మ్యూజియం ఉద్యోగి.

మీ దయాగుణం గురించి కూడా చెప్పుకోవాలి. 2019 జనవరిలో తీరరక్షక దళానికి జీతాలు ఆగినప్పుడు ఉద్యోగులకు ఒక చిట్కాల కాగితం వచ్చింది. ఇంట్లో పాత సామాన్లు అమ్ముకోండి, పక్కింటి పిల్లల్ని చూసుకోండి, కుక్కల్ని వాకింగ్‌కి తీసుకెళ్లండి అని. దివాలా తీయడం ఆఖరి మార్గమని కూడా అందులో ఉంది. మరీ తొందరపడొద్దని కాబోలు! వాషింగ్టన్ పోస్ట్ పత్రిక ఆరా తీశాక ఆ కాగితాన్ని తీసేశారు. నడిసముద్రంలో మునిగేవాణ్ణి పైకి లాగే మనిషికి ప్రభుత్వం చెప్పిన మాట ఇది.

పోనీ ఇంత చేసి పొదుపు చేశారా అంటే అదీ లేదు. ఇంట్లో కూర్చోబెట్టిన వాళ్లకు కూడా తర్వాత జీతం ఇవ్వాలని 2019లో చట్టమే చేశారు. అంటే పని చేయించుకోకుండా జీతం ఇవ్వడానికి ఆఫీసు మూస్తున్నారు. ఆ 35 రోజుల వల్ల దేశం 1,100 కోట్ల డాలర్ల ఉత్పత్తి పోగొట్టుకుందనీ, అందులో 300 కోట్లు ఇక తిరిగి రావనీ కాంగ్రెస్ సొంత బడ్జెట్ ఆఫీసే లెక్క కట్టింది. తర్వాత జీతం ఇచ్చే ఆ చట్టం కూడా ఫెడరల్ ఉద్యోగులకే. అదే బిల్డింగులో నేల తుడిచే, క్యాంటీన్‌లో వడ్డించే కాంట్రాక్టు మనిషికి పోయిన జీతం పోయినట్టే.

మా తెలుగువాళ్లని కూడా మీరు మర్చిపోలేదు, సంతోషం. హెచ్1బీ ఉద్యోగ వీసాలో కంపెనీ మారాలంటే ముందు కార్మిక శాఖ దగ్గర ఎల్‌సీఏ అనే ఆమోద పత్రం కావాలి. గ్రీన్‌కార్డుకి అదే శాఖ ఇచ్చే పెర్మ్ అనే ధ్రువీకరణ కావాలి. 2025 అక్టోబర్ నెలంతా వాటికి దరఖాస్తు చేసే పోర్టల్ పడుకుంది. ఫీజులతో నడిచే ఇమ్మిగ్రేషన్ శాఖ మాత్రం తెరిచే ఉంది. కౌంటర్ ఉంది, కట్టడానికి డబ్బుంది, జతచేయాల్సిన కాగితమే పుట్టదు. ఉద్యోగం పోయినవాడు కొత్త కంపెనీ వెతుక్కోవడానికి ఉండే 60 రోజుల గడువు మాత్రం మీరొచ్చారని ఒక్క పూట కూడా ఆగలేదు. ఆఫర్ లెటర్ చేతిలో పెట్టుకుని, పొద్దున లేవగానే ఆ పోర్టల్ తెరుచుకుందేమోనని చూసుకునే టెన్షన్ మీకు తెలిసే అవకాశం లేదు లెండి.

ఇక అసలు మనవి. నవంబర్‌లో 4.2 కోట్ల మంది పేదల ఆహార సాయం చిక్కుల్లో పడింది. కేసులు నడిచాయి, ఫుడ్ బ్యాంకుల ముందు క్యూలు పెరిగాయి. కాంగ్రెస్ కదల్లేదు. 40 పెద్ద విమానాశ్రయాల్లో విమానాలు తగ్గించడం మొదలయ్యాక వారం తిరక్కుండా మీరు సర్దుకున్నారు. 2019లోనూ ఇంతే. జనవరి 25న మా పక్క ఊరు లీస్‌బర్గ్ కంట్రోల్ సెంటర్‌లో, ఫ్లోరిడాలో ఇంకో సెంటర్‌లో కొద్దిమంది సిక్ లీవ్ పెడితే న్యూయార్క్ లగార్డియాకు వచ్చే విమానాలు ఆగాయి. 34 రోజులు పట్టని బేరం ఆ సాయంత్రానికల్లా కుదిరింది.

కాబట్టి ఈసారి వచ్చేటప్పుడు మ్యూజియాలూ పార్కులూ ఫుడ్ కార్డులూ అంటూ తిరగకండి, నేరుగా లీస్‌బర్గ్ వచ్చేయండి. సెనేటర్లు వీకెండ్‌కి సొంతూళ్లకు విమానాలెక్కే గురువారమైతే మరీ మంచిది. రాత్రి భోజనాల వేళకి వాళ్లే మీ పెట్టె సర్ది సాగనంపుతారు.

ఇట్లు,
మీరున్నా లేకపోయినా టాక్సు కట్టే ఒక హెచ్1బీ వాడు,
ఆష్‌బర్న్, వర్జీనియా.