సన్నగా ఉంటే పరుగెత్తకూడదా?

“శరీరాలు మూడు రకాలు. సన్నగా ఉండే ఎక్టోమార్ఫ్‌లు పరుగు మానేసి బరువులు ఎత్తాలి. లావుగా ఉండే ఎండోమార్ఫ్‌లు బరువులు ముట్టుకుంటే ఇంకా లావవుతారు, కార్డియో (పరుగు, సైకిల్ లాంటి గుండెకు పని చెప్పే వ్యాయామం) మాత్రమే చేయాలి. కండపుష్టి ఉన్న మెసోమార్ఫ్‌లు ఏం చేసినా పర్వాలేదు. ఈ రకం పుట్టుకతో వస్తుంది, మారదు.” బొమ్మలతో సహా ఈ మెసేజ్ నాకు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు.

ముందు ఆ పేర్ల సంగతి. వీటిని 1940లలో ప్రచారంలోకి తెచ్చింది విలియం షెల్డన్ అనే అమెరికన్ సైకాలజిస్టు. వ్యాయామం ఆయన సబ్జెక్టే కాదు. ఒంటి తీరును బట్టి మనిషి స్వభావం చెప్పొచ్చని ఆయన వాదన: లావుగా ఉంటే సుఖపురుషుడు, బక్కగా ఉంటే బిడియస్తుడు, ఇలా. సైన్సు దాన్ని ఎప్పుడో పక్కన పెట్టేసింది. పిండంలోని మూడు పొరల పేర్లు అరువు తెచ్చుకున్నాడు కాబట్టి వినడానికి మాత్రం గట్టి జీవశాస్త్రంలా ఉంటుంది. పైగా షెల్డన్ కూడా మనుషుల్ని మూడు గుంపులుగా విడదీయలేదు. ప్రతి మనిషికీ మూడు లక్షణాల్లోనూ 1 నుంచి 7 వరకు మార్కులు వేశాడు. అంటే ఈ మెసేజ్ ఆయన తప్పును కూడా తప్పుగానే చెబుతోంది!

“మారదు” అన్న మాట షెల్డన్‌దే. 1967లో హీత్, కార్టర్ అనే పరిశోధకులు ఆ పద్ధతిని సవరించి, ఇది మనిషి ప్రస్తుత ఆకారానికి కొలత మాత్రమే, తిండితో, వ్యాయామంతో, వయసుతో మారుతుందన్నారు. నా సంగతే చూడండి. కాలేజీలో పుల్లలా ఉండేవాణ్ణి, ఇప్పుడు బొజ్జ. మళ్ళీ పుట్టకుండానే రకం మారిపోయాను.

బరువులు ఎత్తితే కొవ్వు పెరగదు. తిండి తగ్గించి సన్నబడేటప్పుడు కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. దాన్ని కాపాడేది బరువులే. కాబట్టి లావుగా ఉన్నవాళ్ళకే అవి మరీ అవసరం. ఇక సన్నవాళ్ళకు పరుగు వద్దనడం. వాళ్ళకూ గుండె ఉంటుంది, బీపీ, షుగర్ వాళ్ళకీ వస్తాయి. పరుగెత్తితే ఒళ్ళు తీసేస్తుందని భయమైతే, ఇంకాస్త తినాలి. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకు చెప్పింది వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు కార్డియో, కనీసం 2 రోజులు కండరాల వ్యాయామం. అందులో రెండూ ఉన్నాయి, శరీర రకాల ప్రస్తావనే లేదు.

ఆ మెసేజ్‌లో నిజమేమీ లేదా? కొంచెం ఉంది. బాస్కెట్‌బాల్‌లో పొడుగువాళ్ళు, మారథాన్‌లో తేలికైనవాళ్ళు ముందుంటారు. కానీ అది పతకాల దగ్గర లెక్క, పొద్దున్నే అరగంట ఒళ్ళు వంచడానికి అక్కర్లేదు. ఒకే శిక్షణ అందరికీ ఒకేలా పనిచేయదన్నదీ నిజమే. హెరిటేజ్ అనే అధ్యయనంలో 20 వారాల సైకిల్ శిక్షణ తర్వాత కొందరి దమ్ము బాగా పెరిగింది, కొందరిది దాదాపు ఉన్నచోటే ఉంది.

బరువు ఎక్కువై మోకాళ్ళు నొప్పి పెడుతుంటే మాత్రం మొదట్లో ఈత, సైకిల్ నయం. ఒంట్లో ఒక కిలో తగ్గితే ప్రతి అడుగుకూ మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. ఏ వ్యాయామం అన్న నిర్ణయం మోకాలిని అడిగి తీసుకోవాలి, ఆ మెసేజ్‌ని కాదు.